నన్ను తాకకుండా దాటాలి

నేను పుట్టింది బెంగళూరు జేసీ రోడ్డులో, కారు సీట్లకు కవర్లు కుట్టే ఒక దుకాణంలో. పైన మందపాటి రెగ్జిన్, లోపల కొబ్బరి పీచు, చింకిపాతలు, అడుగున ఇసుక మూట. ఎత్తు మనిషంత. నన్ను కుట్టినాయన బాక్సింగ్ సంచి అనుకున్నాడు. కాదు, నేను అమెరికన్ ఫుట్‌బాల్ సాధనకు వాడే ట్యాక్లింగ్ డమ్మీని. ఈ ఊళ్లో ఆ మాటంటే ‘మెస్సీ ఆడేదేనా?’ అని అడిగేవాళ్లే ఎక్కువ.

2012లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా తొలి సీజన్ ఆడినప్పుడు ఈ ఊరికీ ఒక జట్టు ఉండేది, బెంగళూర్ వార్‌హాక్స్. ట్రోఫీ పుణె మరాఠాస్ ఎత్తుకెళ్లింది. లీగ్ ఎక్కువ కాలం నిలబడలేదు గానీ ఆ ఆట పిచ్చి కొందరిని వదల్లేదు. వాళ్లే చందాలు వేసుకుని నన్ను కుట్టించారు. ఆదివారం పొద్దున్నే, క్రికెట్ వాళ్లు మైదానం ఆక్రమించకముందే నన్ను నిలబెడతారు.

క్వార్టర్‌బ్యాక్‌కు కాపలా కాసే లైన్‌మన్‌ వేషం నాది. నాకెదురుగా వంగి నిలబడేవాడు డిఫెన్సివ్ లైన్‌మన్. బంతి విసిరేయడానికి క్వార్టర్‌బ్యాక్‌కు పట్టేది రెండున్నర, మూడు సెకన్లు. ఆలోపే నన్ను దాటి వెళ్లి అతణ్ణి పడగొట్టాలి. కబడ్డీ రైడర్‌కు 30 సెకన్లు ఇస్తారే, ఆ వైభోగం ఇక్కడ లేదు.

కొత్తవాళ్లంతా నేరుగా నా రొమ్ము మీదికే వస్తారు. బుల్ రష్ అనే పద్ధతి ఉన్న మాట నిజమే, కానీ వీళ్లది పద్ధతి కాదు, ఒట్టి బరువు. ధన్‌మని గుద్దుకుంటారు, నేను ఊగుతాను, వాళ్లు అక్కడే ఆగిపోతారు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. ఈలోగా బంతి వెళ్లిపోతుంది.

హిందూపురం నుంచి వచ్చిన ఒక కుర్రాడు కబడ్డీ ఆడి ఉన్నాడు. నడుం వంచి నేలకు దగ్గరగా ఉండటం అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. అతని తిప్పలన్నీ చెవితోనే. క్వార్టర్‌బ్యాక్ ‘హట్’ అని ఉత్తుత్తి కేక వేస్తే చాలు, ఉరికేవాడు. ఆఫ్‌సైడ్, 5 గజాలు జరిమానా. కోచ్ కర్రకు పాత టెన్నిస్ బంతి కట్టి నేలమీద పెట్టేవాడు. “కేకలు నీకెందుకురా? బంతి కదిలితేనే కదులు” అనేవాడు. నోటితో ఎన్ని అరిచినా కర్ర మాత్రం లాగేవాడు కాదు.

తర్వాత చేతుల పని. నాకు చేతుల్లేవు కాబట్టి వెనకనుంచి ఇంకొకడు చేతులు చాపేవాడు. వాటిని పక్కకు కొట్టి, చంక కిందనుంచి భుజం దూర్చి లేస్తే రిప్. చెయ్యి పైనుంచి తిప్పి దాటితే స్విమ్. స్విమ్ చూడముచ్చటగా ఉంటుంది గానీ పక్కటెముకలు ఎదుటివాడికి అప్పగించినట్టే. పొట్టివాళ్లకు నేనైతే రిప్పే చెబుతాను. ఏది చేసినా గురి నా నడిమధ్యన ఉండకూడదు, ఒక భుజం మీదే ఉండాలి. దాటుతూనే పాదమూ నడుమూ క్వార్టర్‌బ్యాక్ వైపు తిరగాలి. అవి తిరగకపోతే ఎంత వేగంగా వచ్చినా అతని వెనకనుంచి అవతలికి పోవడమే.

డీకన్ జోన్స్ అనే పాతతరం డిఫెన్సివ్ లైన్‌మన్ కాలంలో హెల్మెట్ మీద అరచేత్తో ఒక్కటిచ్చి దాటేవారట. 1977లో నిషేధించారు, నా కుట్లు బతికిపోయాయి. మరో డిఫెన్సివ్ లైన్‌మన్ రెజీ వైట్ 198 శాక్‌లు సాధించాడు. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే అది శాక్. అతనిది కొండంత బలమే, అయినా ఎదుటివాడు ఒక పక్కకు ఒరిగేదాకా ఆగి అప్పుడు విసిరేసేవాడు.

హిందూపురం కుర్రాడికి అది ఆలస్యంగా పట్టుబడింది. మొదటి ఎత్తు ఆగిపోతే అక్కడే తోసుకోకుండా రెండోది అందుకోవడం మొదలుపెట్టాక, నాకు అతని తాకిడి తెలియడం తగ్గింది. గాలి మాత్రం తగిలేది.

2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశం, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోకి ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను తీసుకుంది. దాంతో మావాళ్లూ అటు మళ్లారు. జట్టుకు ఐదుగురు, ఢీకొట్టడం లేదు, నడుముకున్న జెండా లాగితే చాలు. క్వార్టర్‌బ్యాక్ మీదికి రష్ చేసేవాడు, ఆట మొదలయ్యే గీతకు 7 గజాల దూరం నుంచి పరుగెత్తాలి. ఆ పరుగుదారిలో ఇప్పుడు నేను అడ్డంకిని. కోచింగ్ హిందూపురం అబ్బాయిదే. కొత్తగా వచ్చిన అమ్మాయిలకు అతను పెట్టిన నియమం ఒక్కటే: నన్ను తాకితే మళ్లీ మొదటినుంచి. మొన్న ఒకమ్మాయి భుజం నాకు కాస్త రాసుకుంది. “లేదన్నా, తగల్లేదు” అని వాదించింది. తగిలింది. నాకు తెలుసు.