మాయదివ్వె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

గొట్ట మొకటి మార్చ గుట్టు దీపము చెప్పెఁ
బసుపు రంగు బొమ్మ పలుకకుండ
తోక కాలెనేని తొలుత నింజను జూడు
మనుట తగునె నీకు మాయదివ్వె

అవతారిక: పద్యం నాదే, టీకా నాదే. కారు మాత్రం జగదల్‌పూర్‌లో ఉంటున్న మా బావమరిదిది. కేశ్‌కాల్ ఘాట్ పన్నెండు మలుపుల్లో బండి పులిలా గాండ్రించాలని అతగాడికి కోరిక పుట్టింది. ఊళ్లో ఒక షాపుకు పోయి, పొగను శుద్ధిచేసే కన్వర్టర్ ఉన్న గొట్టం తీయించి ఖాళీ గొట్టం బిగించుకొచ్చాడు. గాండ్రింపు వచ్చింది. మూడో రోజున డాష్‌బోర్డులో పసుపుపచ్చని ఇంజన్ బొమ్మ కూడా వచ్చింది. నేను కిరండూల్ రైలు దిగీ దిగకముందే, "బావా, నువ్వు తెలుగు మాస్టారివి కదా, దీనర్థం ఏంటి?" అన్నాడు. అడగకూడని వాణ్ణి అడిగాడు.

ప్రతిపదార్థం: గొట్టము ఒకటి = పొగగొట్టమును; మార్చన్ = మార్చగా; పసుపు రంగు బొమ్మ = పచ్చని ఇంజన్ బొమ్మయైన; దీపము = చెక్ ఇంజన్ లైటు; గుట్టు = యజమానియు మిస్త్రీయు దాచదలచిన రహస్యమును; పలుకకుండన్ = నోరు విప్పకయే; చెప్పెన్ = తెలిపెను; మాయదివ్వె = ఓ టక్కరి దీపమా; తోక కాలెనేని = తోక కాలినచో; తొలుతన్ = మొట్టమొదట; ఇంజనున్ చూడుము అనుట = ఇంజనును పరీక్షింపుమనుట; నీకున్ తగునె = నీకు న్యాయమా? (కాదని కాకువు.)

తాత్పర్యం: గొట్టం మార్చితే ఇంజన్ చూడమంటావేం?

విశేషాలు: "పలుకకుండ చెప్పె" అన్నచోట విరోధాభాసం. దాన్నలా ఉంచి అసలు చిక్కులోకి వద్దాం. ఇంజన్ భేషుగ్గా ఉంది. అంటే "ఇంజన్ చూడు" అన్నదానికి వాచ్యార్థం కుదరదు. ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడు లక్షణను ఆశ్రయించాలి. "గంగలో గొల్లపల్లె" అంటే నీళ్లలో ఇళ్లున్నాయని కాదు, ఒడ్డున ఉన్నాయని ఆలంకారికులు ఏనాడో తేల్చారు. ఆ సామీప్య సంబంధం చేతనే ఇక్కడ ఇంజన్ అంటే దాన్ని ఆనుకున్న పొగగొట్టం. కవి తోక అనడం ఒట్టి అజ్ఞానం. కన్వర్టర్ ఉండేది తోకలో కాదు, చాలా బళ్లలో ఇంజన్ పక్కనే, కాకుంటే పొట్ట కింద. ఇక వ్యంగ్యార్థం పర్సుకు సంబంధించినది, సహృదయులు గ్రహిస్తారు.

పూర్వపక్షం: "సెన్సర్ ఖరాబ్ హై సాబ్" అని మిస్త్రీ వ్యాఖ్య. ఇది అపవ్యాఖ్య. ఆక్సిజన్ సెన్సర్లు రెండు, కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి. ఇంజన్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ హెచ్చుతగ్గులకు ముందున్నది 0.1 వోల్టు నుంచి 0.9 దాకా, జాతరలో పూనకం వచ్చినట్టు ఊగుతూనే ఉంటుంది. కన్వర్టర్ ఆక్సిజన్‌ను కొంత దాచుకుని, అవసరానికి విడుస్తూ ఆ ఊపును మింగేస్తుంది. కనుక వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. కన్వర్టర్ లేదంటే ఇద్దరికీ పూనకమే. కంప్యూటర్ ఒక ప్రయాణంలో చూసి గుర్తుపెట్టుకుంటుంది, మరో ప్రయాణంలోనూ అదే కనబడితే దీపం వెలిగిస్తుంది. వెంటనే కాక మూడో రోజున వెలగడంలోని రహస్యం ఇదే.

స్కానర్ పెట్టిస్తే వచ్చిన కోడ్ పి0420. కన్వర్టర్ చేయాల్సినంత పని చేయడం లేదని దాని భావం. మోసానికి పాత శిక్షాస్మృతిలో ఉన్న సెక్షన్ కూడా 420 కావడం శ్లేష అనుకున్నాను. 2024 జులై 1 నుంచి న్యాయసంహితలో అది 318 అయింది. కోడ్ మాత్రం మారలేదు.

అదే కేశ్‌కాల్‌లో భంగారాం దేవి గుడి ఉంది. భాదో (భాద్రపద) నెల జాతరలో అక్కడ దేవుళ్ల మీద విచారణ జరుగుతుంది. రోగాలు తగ్గించని, పంటలు కాపాడని ఊరిదేవుడు ముద్దాయి. కోడి సాక్షి. నేరం రుజువైతే దేవుడికి గుడి వెనకాల ప్రవాసం. సాక్ష్యం చెప్పిన కోడిని మాత్రం వదిలేస్తారు. మన వెనక సెన్సర్ ఆ కోడి లాంటిదే. మిస్త్రీ మాత్రం కోడినే కోయమంటున్నాడు.

పాఠాంతరాలు రెండున్నాయి. బ్యాటరీ తీగ ఊడదీసి పెడితే దీపం ఆరుతుందని ఒకటి. ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. సెన్సర్ కింద బుష్ వేసి పొగకు దూరం జరపాలని రెండోది. ఇది సాక్షికి గంతలు కట్టడం, గ్రాహ్యం కాదు. మోటారు వాహనాల చట్టం 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూనూ. ఇది చదివి వినిపించాక బావమరిది ఘాట్‌ను మెల్లగా ఎక్కడం మొదలుపెట్టాడు.

సిద్ధాంతం: దీపం నిర్దోషి. పాత గొట్టమే మళ్లీ బిగించాలి. తీరా షాపుకు పోతే, పాతది కబాడీకి వేసేశామన్నారు. కన్వర్టర్ లోపలి తేనెపట్టు గూడుకు పూసేది విలువైన ప్లాటినం, పల్లాడియం, రోడియం. చదువరులారా, ఎవరు ఏ గొట్టం మార్పించుకున్నా, పాతదాన్ని డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.