రూటన్న

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఏ సెల్‌ఫోన్ దుకాణం ముందు నిలబడినా రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఖరాబైన ఫోన్‌ను బాగు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు ఒక రకం. మంచిగా నడిచే ఫోన్‌ను సొంతంగా ఖరాబు చేసుకుని వచ్చేవాడు రెండో రకం. మొదటివాళ్లు ఫోన్ కౌంటర్ మీద పెట్టి, "అన్నా, ఏమైందో తెల్వది, జర సూడు" అంటారు. రెండోవాడు అట్లా అనడు. "బూట్‌లూప్ పడ్డది. రికవరీలకు పోయి వైప్ కొట్టిన, కాష్ తీసేసిన, అయినా లోగో కాడనే ఆగుతంది. నీ తాన స్టాక్ ఫైల్ ఉంటె ఇయ్యి, కొట్టుడు నేనే కొట్టుకుంట" అంటాడు. దవాఖానకు పోయి డాక్టరు కుర్చీలో కూర్చుని, చీటీ తానే రాసుకునే రోగి వంటివాడు. ఈయనే రూటన్న.

అది ఆయన పేరు కాదు, జాతి పేరు. జగిత్యాలలో ఒకడుంటాడు, మంచిర్యాలలో ఒకడుంటాడు, గోదావరిఖని సింగరేణి క్వార్టర్లలో ముగ్గురు నలుగురు తేలుతారు. బాసర ట్రిపుల్ ఐటీ హాస్టల్లో అయితే అంతస్తుకొకడు. గుర్తుపట్టడం పెద్ద పనేం కాదు. జేబులో రెండు ఫోన్లుంటాయి. వెడల్పాటి ఫోన్ ప్రయోగాలకు, కీప్యాడ్ ఫోన్ మాట్లాడటానికి. "ఇంత మంచి ఫోను పెట్టుకుని గీ డబ్బాల మాట్లాడుతవేందే" అని ఎవరైనా అడిగితే, "దాంట్ల సెటప్ నడుస్తంది" అంటాడు. పెళ్లికి ముందు మొదలైన ఆ సెటప్ బిడ్డ బడికి పోయే నాటికీ నడుస్తూనే ఉంటుంది.

ఇంతకూ ఆయన చేసేదేమిటి? ఫోన్‌కు డబ్బులిచ్చింది మనమే అయినా లోపల పెత్తనం మనది కాదు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్. అందులో ఏదైనా చేయగల, ఏదైనా తుడిచేయగల ఖాతా ఒకటుంటుంది. దాని పేరే రూట్. కంపెనీ దాన్ని కొన్నవాడికివ్వదు. ఇస్తే ఏం చేసుకుంటారో దానికి తెలుసు. రూటన్నను చూసే తెలుసుకుందేమో. మనం కంపెనీ పెట్టిన యాప్‌ను తీసేయబోయి, రాకపోతే ఊరుకుంటాం. రూటన్న మాత్రం ఆ రాత్రి నిద్రపోడు. బూట్‌లోడర్ తాళం తీసి, కంపెనీ రికవరీ స్థానంలో వేరే రికవరీ ఎక్కించి, రూట్ తెచ్చుకుంటాడు. అంతటితో తృప్తి కలగక కంపెనీ వేసిన ఆండ్రాయిడ్‌నే ఊడబెరికి, ప్రపంచంలో ఏ మూలనో ఎవరో కుర్రాడు రాసిన కస్టమ్ రోమ్ వేస్తాడు. అందులో కెమెరా పనిచేయదు. "నెక్స్ట్ బిల్డ్‌ల వస్తది" అంటాడు.

నవ్వుకునే ముందు ఒక ముచ్చట చెప్పాలి. ఈ జాతి పుట్టింది పనీపాటా లేక కాదు. గెలాక్సీ వై ఫోన్లు వచ్చిన 2011 నాటికి వాటిలో ఉన్నది ఆండ్రాయిడ్ 2.3. దానికి తెలుగు రాదు. తెలంగాణ ఉద్యమం వేడి మీదున్న రోజులు. సకల జనుల సమ్మె నడుస్తోంది, ఫేస్‌బుక్‌లో జనం తెలుగులో రాయడం మొదలుపెట్టారు. ఫోన్‌లో తెరిస్తే వరుసగా ఖాళీ డబ్బాలు. ఒపెరా మినీలో అడ్రస్ రాసే చోట 'ఒపెరా కోలన్ కాన్ఫిగ్' అని కొట్టి, అడుగునున్న బిట్‌మ్యాప్ ఫాంట్ల మాట దగ్గర 'యెస్' పెడితే ఆ బ్రౌజర్ వరకు అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. మిగతా ఫోనంతా డబ్బాలే. ఆండ్రాయిడ్‌లోకి తెలుగు 2012లో 4.1తో వచ్చింది గాని, అది కరీంనగర్ జేబుల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. అంతదాకా ఓపిక పట్టనివాడు రూటన్న ఒక్కడే. ఫోన్‌ను రూట్ చేసి, కంప్యూటర్లో ఉన్న గౌతమి ఫాంటునో పోతన ఫాంటునో తెచ్చి సిస్టమ్ ఫోల్డర్‌లో పడేశాడు. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. వత్తులు మాత్రం కిందికి దిగకుండా పక్కన కూర్చునేవి. 'అమ్మ', 'అక్క' రెండేసి ముక్కలయ్యేవి. 'జై తెలంగాణ'లో వత్తు లేదు గనక అది కొంత నయం. ఊళ్లో పదిమంది ఫోన్లలో తెలుగు వెలిగించి పైసా తీసుకోని మనిషి ఆయన. ఆ తర్వాత చేసిన ఘనకార్యాలకు అందుకే జనం కొంత ఓర్చుకున్నారు.

ఆ ఓర్పుకు పరీక్షలు చాలానే వచ్చాయి. అప్పుడు కరెంటు కోతల కాలం. ఫ్లాష్ కొట్టడానికి డెస్క్‌టాప్ కావాలి, దానికి యూపీఎస్ లేదు. కోత వేళలు కనుక్కుని, వాటి నడుమ ముహూర్తం పెట్టుకునేవాడు. ట్రాన్స్‌ఫార్మర్ ముహూర్తాలు చూడదు కదా. పచ్చగీత సగం దాకా వచ్చాక ఫ్యాను ఆగిపోయేది, దాంతోపాటు మానిటరూ, దాంతోపాటు ఫోనూ. ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు, అవ్వ తప్ప. "ఉన్నది పాయె, ఉంచుకున్నది పాయె" అనేది ఆమె.

ఓవర్‌క్లాక్ ఇంకో పిచ్చి. గెలాక్సీ వై ప్రాసెసర్ వేగం 832 మెగాహెర్ట్జ్. కంపెనీవాడు ఎందుకో అక్కడ ఆపాడని రూటన్న అనుమానం. వేరే కెర్నల్ వేసి దాన్ని ఉరికించేవాడు. ఆదిలాబాద్ తమ్ముళ్లకు ఇది కొంత ఉపకారం చేసింది, డిసెంబరు పొద్దున బేలలోనో జైనథ్‌లోనో ఫోన్ చేతిలో ఉంటే వేళ్లు కొంకర్లు పోయేవి కావు. మే నెలలో రామగుండంలో అదే ప్రయోగం చేసినవాడు ఫోన్‌ను తడిగుడ్డలో చుట్టి మాట్లాడాల్సి వచ్చింది.

మీడియాటెక్ ఫోన్లు వచ్చాక ప్రమాదం పెద్దదైంది. మైక్రోమ్యాక్స్ కాన్వాస్‌ల కాలం అది. ఎస్పీ ఫ్లాష్ టూల్ అనే సాఫ్ట్‌వేర్‌లో 'ఫార్మాట్' అని ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కొద్దని తెలిసినవాళ్లంతా చెప్తారు. నొక్కనివాడు రూటన్న ఎట్లా అవుతాడు? ఫోన్‌లో ఉన్న ఐఎంఈఐ నంబరు కూడా తుడిచిపెట్టుకుపోతుంది, అది పోతే సిగ్నల్ రాదు. "సిగ్నల్ లేకుంటె ఏమాయె, వైఫై ఉన్నది గద" అని బామ్మర్దికి ఫోన్ తిరిగిచ్చిన రూటన్నలున్నారు. వేరే నంబరు ఎక్కించమని బామ్మర్ది బతిమాలినా ఈ ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గేవాడు. ఐఎంఈఐ మార్చడం 2017 నిబంధనల నాటి నుంచి జైలుకు పంపే నేరం.

ఆ జాతికి పండగలూ మైలలూ వేరు. సైనోజెన్‌మోడ్ అని ఒక కస్టమ్ రోమ్ ఉండేది. స్టీవ్ కాండిక్ అనే ప్రోగ్రామర్ 2009లో మొదలుపెట్టాడు. రూటన్నకు అది కులదైవం. 2014 డిసెంబరులో మైక్రోమ్యాక్స్ వాళ్లు 8,999 రూపాయలకు యు యురేకా తెచ్చి, ఆ సైనోజెన్‌నే ఫ్యాక్టరీలో వేసి అమ్మారు. అదే సైనోజెన్‌తో వచ్చిన వన్‌ప్లస్ మీద వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు కూడా పోయారు. రూటన్న సంబరపడతాడనుకుంటాం. ఆయన ముఖం చిన్నబోయింది. రాత్రుళ్లు మేల్కొని సాధించినదాన్ని పెట్టెలో పెట్టి ఇస్తే ఇంక తానెందుకు? అయినా కొన్నాడు. కొన్న వారంలోనే దాన్ని తీసేసి వేరేది వేశాడు.

2016 అక్టోబరులో కరీంనగర్ నాలుగు జిల్లాలైంది, ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. తాను ఇప్పుడు పెద్దపల్లి జిల్లావాడినన్న సంగతి ఆధార్ సెంటరులో ఎవరో చెప్తేగాని రూటన్నకు తెలియలేదు. ఆ ఏడాది చివరన సైనోజెన్ మూతపడ్డ వార్త మాత్రం నిమిషాల్లో చేరింది. రెండు పూటలు సరిగ్గా తినలేదు. స్వచ్ఛందంగా రాసేవాళ్లు దాన్నే లీనియేజ్ ఓఎస్ పేరుతో కొనసాగిస్తారని తెలిశాక గాని బువ్వ దిగలేదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. నోట్ల రద్దు అప్పటికే అయింది, దాని వెనుకనే యూపీఐ జోరందుకుంది. మంచిర్యాల చౌరస్తాలో ఛాయ్ బండికి కూడా స్కానర్ అంటింది. రూటన్న బ్యాంకు యాప్ తెరిస్తే అది లోపలికి తొంగి చూసి, ఈ ఫోన్ రూటై ఉంది, నేను నడవనని మూసుకుంది. అప్పటికి మ్యాజిస్క్ వచ్చేసింది. జాన్ వూ అనే తైవాన్ కుర్రాడు 2016లో వదిలాడు. సిస్టమ్ భాగాన్ని ముట్టకుండా రూట్ ఇస్తుంది, అడిగినవాళ్లకు రూట్ లేదని కూడా చెప్తుంది. రూటన్న బతుకు అక్కడే తిరగబడింది. రూట్ చేయడం ఒక్క రాత్రి పని. చేయలేదని నమ్మించడం పదేళ్ల పని అయి కూర్చుంది. ఆయన హైడ్ పెడతాడు, గూగుల్ వాళ్లు దాన్ని పట్టుకుంటారు. జైగిస్క్ అంటాడు, డినైలిస్ట్ అంటాడు, యాప్ పేరు మార్చి దాస్తాడు. గూగుల్ తనిఖీలో సేఫ్టీనెట్ పోయి ప్లే ఇంటిగ్రిటీ వచ్చింది. అది ఫోన్ చిప్పులోని తాళాన్నే సాక్ష్యం అడుగుతుంది. దానికి విరుగుడుగా ఎక్కడో బయటపడ్డ కీబాక్స్ ఫైలును వెతికి తెచ్చి పెడతాడు. దాన్ని గూగుల్ ఎప్పుడు రద్దు చేస్తుందో తెలియదు. పొద్దున లేచి దేవుడి పటం కంటే ముందు కీబాక్స్ బతికుందో లేదో చూసుకుంటాడు.

తాను రూట్ చేసుకున్నానని ఊరంతా చెప్పుకునే మనిషి, ఊరికి తప్ప ఫోన్‌కు తెలియనివ్వకూడదని పడే పాట్లు ఛాయ్ బండి దగ్గర చూడాలి. స్కానర్ ముందు ఫోన్ పట్టుకుంటాడు. తెర మీద చక్రం తిరుగుతుంది. "ఒక్క నిమిషం, మాడ్యూల్ అప్డేట్ అయితంది" అంటాడు. ఛాయ్‌వాలాకు ఇది కొత్తేం కాదు. "అన్నా, నీది ఖాతాల రాసిన తీయ్" అంటాడు. డిజిటల్ ఇండియాలో ఉద్దెర పద్దును బతికిస్తున్నవాళ్లలో రూటన్నలు ముందు వరుసలో ఉంటారని నా అనుమానం.

ఇంట్లో ఇద్దరి ఫోన్ల మీద మాత్రం ఆయన చేయి పడింది. బాపు ఫోన్‌లో యాడ్లు రాకుండా హోస్ట్స్ ఫైలు మార్చాడు. నాలుగు రోజులకు బాపు పిలిచి, "ఆటల నడుమ ట్రాక్టర్ బొమ్మ వచ్చేది గదరా, ధర గిట్ల చెప్పేటోడు, ఏడికి పోయిండు?" అని అడిగాడు. తమ్ముడి ఫోన్‌లో వైపర్ అనే యాప్ వేసి శబ్దం పెంచాడు. బరాత్‌లో డీజే రాకముందు ఆ ఫోన్ మీదనే ఇరవై మంది ఆడారు, స్పీకర్ పగిలేదాకా. దుబాయి నుంచి బావ వస్తే సూట్‌కేస్ విప్పకముందే రూటన్న హాజరు. "బావా, దాంట్ల అక్కడి సాఫ్ట్‌వేర్ ఉంటది, మన సిమ్ముకు సిగ్నల్ గుంజది, మార్చాలె." ఆ మాట వినగానే అక్క ఫోన్ తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెడుతుంది.

ఇప్పుడు ఈ జాతికి గడ్డుకాలం. వివో తాళం ఇవ్వనే ఇవ్వదు. సామ్‌సంగ్ కూడా 2025లో వన్ యూఐ 8తో బూట్‌లోడర్ తెరిచే మీటను ఎత్తేసింది. పిక్సెల్, గెలాక్సీ పెద్ద ఫోన్లకు కంపెనీలే ఏడేళ్ల అప్డేట్లిస్తామంటున్నాయి. అయినా రూటన్న పని అయిపోయిందని నేననను. 2018 నాటి పోకో ఎఫ్‌1ను కంపెనీ ఆండ్రాయిడ్ 10 దగ్గర వదిలేసింది. చెత్తలో పడాల్సిన ఆ ఫోన్‌లో ఆండ్రాయిడ్ 14 నడిపించి, పదో తరగతి పిల్లవాడి చేతిలో పెట్టేవాడు ఇంకెవడున్నాడు?

ఇక షియోమీ వాళ్లు తాళం ఇస్తామంటారు గాని, వరుసలో నిలబడమంటారు. రోజుకింత కోటా అని. అది బీజింగ్‌లో అర్ధరాత్రి పన్నెండింటికి తెరుచుకుంటుంది, అంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. తొమ్మిది ఇరవై ఐదుకే రూటన్న వైఫై పెట్టె పక్కన మఠం వేసుకుని కూర్చుంటాడు. బిడ్డ యూట్యూబ్ ఆపాలి, బాపు ఫోన్ డేటా ఆపాలి. ఫ్యాను గాలి తగిలితే కూడా నెట్ తగ్గుతుందన్నంత గంభీరంగా ఉంటాడు. తొమ్మిదిన్నర కొట్టగానే వేలు పడుతుంది. కోటా అయిపోయింది, రేపు రండి. బీజింగ్ అర్ధరాత్రికి మన ఇంట్లో అన్నాలు ఆగడమేమిటని ఆయన భార్య చాలా రోజులు నోరు నొక్కుకుంది.

ఒకనాడు తలుపు తెరుచుకుంది. ఇంటిల్లిపాదికీ మైసూర్‌పాక్ వచ్చింది. ఇంకో 72 గంటలు ఆగమన్నారు, ఆగాడు. నాలుగో రోజు లాప్‌టాప్‌కు కేబుల్ పెట్టాడు. తెర మీద అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. భార్య భుజం మీది నుంచి చూసింది.

"ఏమంటంది?"

"ఫోన్ల ఉన్నదంత పోతదట. మామూలే."

"వేములాడల బిడ్డ పుట్టెంటికలు తీసిన ఫోటోలు దాంట్లనే ఉన్నయి గద?"

"బ్యాకప్ ఉన్నది."

"ఏడ?"

"పాత ఫోన్ల."

"గా ఫోనేది? తే, సూస్త."

రూటన్న ఎంటర్ నొక్కి, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "దాంట్ల మొన్ననే కొత్త రోమ్ వేసిన."