ద్విచక్ర దాంపత్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

దారి పిలిచింది. మేము బయల్దేరాం. రెండు చక్రాలు, రెండు ప్రాణాలు, ఒకే ఆత్మ. గమ్యం ముఖ్యం కాదు, ప్రయాణమే ముఖ్యం. నంద్యాల టు అహోబిలం. రైడ్ మోడ్ ఆన్.

అవతారిక

ఈ మహాగద్యం ఆదివారం తెల్లవారుజామున వాట్సాప్ స్టేటస్ రూపంలో అవతరిస్తుంది. కింద హెల్మెట్ చంకన పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తున్న ఫోటో. ఊరి పేర్లు మారతాయి, గద్యం మారదు. కర్త మా అన్న కూతురి మొగుడు. చివర ఇద్దరి పేర్లూ ఉంటాయి గనుక ఇది ఉభయకర్తృకమని మా ఇంట్లో ఒక మతం ఉంది. శైలి చూస్తే మాత్రం ఒక్క చెయ్యే కనిపిస్తుంది.

ఇంతటి వాక్యాలకు ఇన్నాళ్ళూ వ్యాఖ్య లేకపోవడం నంద్యాలకు లోటు. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి కాళిదాసుకు ‘సంజీవని’ రాశాడు, మాఘుడికి ‘సర్వంకష’ రాశాడు, భారవికి ‘ఘంటాపథం’ రాశాడు. ఘంటాపథమంటే రాజమార్గం. హైవే మీద పుట్టిన కావ్యాన్ని ఆయన వదిలిపెట్టేవాడా? ఆయన లేడు కాబట్టి ఆ భారం ఒక రిటైర్డ్ తెలుగు పండితుడి మీద పడింది. నా వ్యాఖ్యకు ‘సైలెన్సరి’ అని పేరు పెట్టాను. మూలకర్త బండికి పీకేసింది వ్యాఖ్యకైనా ఉండాలి. ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడి ప్రతిజ్ఞ. మొదటిది నాకూ శిరోధార్యమే. రెండోదానికి మాట ఇవ్వలేను.

ప్రతిపదార్థం

దారి = ఒకప్పుడు 18వ నంబరుగా ఉండి ఇప్పుడు 40గా పిలవబడుతున్న జాతీయ రహదారి; కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, కడపల మీదుగా పోయేది. పిలిచింది = ఇది ఉత్ప్రేక్ష. రహదారి పిలిస్తే అందరినీ పిలవాలి కదా అని శంక. అదే వేళకు అదే దారిలో పాలక్యాన్లు కట్టుకున్న ఎక్సెల్ బండ్లు శిరివెళ్ళ వైపు నుంచి వస్తుంటాయి. గడ్డిమోపు మీద భార్యను కూర్చోబెట్టుకుని పోయేవాళ్ళుంటారు. వాళ్ళను దారి పిలిచిన దాఖలా లేదు. పని ఉండి వాళ్ళంతట వాళ్ళే వచ్చారని సమాధానం.

మేము = స్పష్టం.

బయల్దేరాం = ఈ క్రియ పూర్తి కావడానికి గంటన్నర పడుతుంది. కారణం కవచధారణ. దీన్ని విస్తరించక తప్పదు. కర్ణుడు కవచంతోనే పుట్టాడు, వాయిదాలు కట్టే బాధ తప్పింది. మా అల్లుడి కవచం వాయిదాల మీద వచ్చింది. భుజాలకు, మోచేతులకు, వెన్నుకు లెవెల్ టూ ఆర్మర్, మోకాళ్ళకు గార్డులు, చేతులకు గ్లవ్స్, చీలమండ దాటిన బూట్లు. నంద్యాల మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊరు. అడిగితే ‘మెష్ జాకెట్ మామా, లోపలికి గాలి కొడుతుంది’ అంటాడు. ఆ నెలలో ఇక్కడ కొట్టే గాలి ఎటువంటిదో నంద్యాలవాళ్ళకు నేను చెప్పాలా? వీపున నీళ్ళసంచి, దానికొక గొట్టం. నన్నారి సోడా బండ్లు రోడ్డు పక్కనే ఉన్నా ఈయన గొట్టం చప్పరిస్తూ సాగిపోతాడు. రెండు హెల్మెట్లలోనూ ఒకరి మాట ఒకరికి వినిపించే బ్లూటూత్ యంత్రం. వెనకటి ఆడవాళ్ళు ‘గుంత, గుంత’ అని మొగుడి భుజం గుంజేవాళ్ళు. ఇప్పుడు అదే గుంత స్టీరియోలో వినిపిస్తుంది. గుంత మాత్రం పూడలేదు.

బండి పేరు హిమాలయన్. నల్లమలకు పోయే వాహనానికి ఆ పేరేమిటని అడగకూడదు. అది కంపెనీ పెట్టిన పేరు, రూఢి. కానీ పక్కపెట్టె మీద ‘ఖార్దుంగ్ లా, 18,380 అడుగులు’ అని స్టిక్కరుంది. కొలిచినవాళ్ళ లెక్కలో ఆ కనుమ ఎత్తు 17,582 అడుగులే. తక్కిన 798 అడుగులూ అతిశయోక్తి అలంకారం. మావాళ్ళు అక్కడికింకా పోలేదు. స్టిక్కరు ముందుగా వచ్చింది, ఆన్‌లైన్లో.

హాస్యం కాసేపు పక్కన పెడతాను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నడిపే మనిషికీ వెనక కూర్చున్న మనిషికీ ఇద్దరికీ హెల్మెట్ ఉండాలంటుంది. 2019 సవరణ తర్వాత తప్పితే 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు చెల్లదు. మన ఊళ్ళో ఇంటికొక హెల్మెట్ ఉంటే గొప్ప. అదీ పోలీసు కనబడేదాకా బండి అద్దానికి వేలాడుతుంది. పెళ్ళానికి వేరే ఐఎస్ఐ హెల్మెట్ కొనిపెట్టిన మగాళ్ళు ఎంతమంది? మా అల్లుడు కొనిపెట్టాడు. ఈ ఒక్క పుణ్యానికే అతని గద్యాన్ని ఇంతకాలం ఓర్చుకున్నాను.

రెండు చక్రాలు = వీటిలో వెనకది విచారించదగ్గది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదవండి. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలి. అంగట్లో దీన్నే శారీ గార్డు అంటారు. అంత పెద్ద నియమావళి రాసిన మనిషికి ఎక్కడో ఒకచోట వెనక సీటు ఇల్లాలు జ్ఞాపకం వచ్చింది, ఆమె కొంగు గాలికి ఎగరడం కళ్ళకు కట్టింది. కవులు కొంగును చాలా విధాల వర్ణించారు గానీ దాన్ని చక్రం నుంచి కాపాడాలని తోచింది ఈ అజ్ఞాత గుమాస్తాకే. ఆ అడ్డును మా అల్లుడు బండి కొన్న వారానికే విప్పించాడు. ఎందుకంటే ‘లుక్ పోతాది మామా’ అన్నాడు. చున్నీ చక్రంలో పడి మెడకు బిగుసుకున్న వార్త జిల్లా పేజీలో చదవనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ వార్తలో బండి లుక్ ఎలా ఉందో ఎవరూ రాయరు.

రెండు ప్రాణాలు, ఒకే ఆత్మ = ఇక్కడ శాస్త్రవిరోధం తగులుతోంది. ఆత్మ ఒకటే అంటే అద్వైతం. పోయేదేమో అహోబిలం. అక్కడి మఠం విశిష్టాద్వైత పీఠం. ఆ సిద్ధాంతంలో జీవులు అనేకులు, ఎవరి ఆత్మ వారిదే. కాబట్టి దిగువ అహోబిలం పార్కింగ్ దాకా ఒకే ఆత్మగా వచ్చినా, అక్కడ రెండుగా విడిపోతే గానీ గుళ్ళోకి పోవడం కుదరదు. మహానందికి పోయి ఉంటే శివుడితో ఎలాగో సర్దిచెప్పేవాణ్ణి, దగ్గర కూడాను. కానీ అంత దగ్గరికి పోతే స్టేటస్ నిలవదు.

గమ్యం ముఖ్యం కాదు = అబద్ధం. మధ్యాహ్నం ఎగువ అహోబిలం తలుపులు వేసేలోపు చేరాలని ముందురోజే మ్యాపు పెట్టుకున్నారు.

ప్రయాణమే ముఖ్యం = ఈ మాట అనగల అధికారం ఈ సీమలో తిరిగినవాళ్ళలో నాకు తెలిసి ఒక్కరికే ఉంది. ఆయన ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకని ఇల్లు కదిలి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నాడు. కడప దాటి దువ్వూరు, అహోబిలం, రుద్రవరం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం: అల్లుడు ఇప్పుడు జయించానని చెప్పుకునే సీమంతా ఆయన దారిలో తొలి మజిలీలు. కుటుంబం, పరివారం కలిపి నూరు మంది దాకా. పల్లకీలు, బోయీలు, డేరాలు. కవచం లేదు. దారి పిలిచిందని చెప్పడు. దారి రాతిదా ఇసకదా, బండ్లు పోతాయా, ఊళ్ళో అంగళ్ళున్నాయా, నీళ్ళు మంచివా, దిగడానికి చోటుందా, అదీ ఆయన రాసింది. ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఈ రోజుకీ అహోబిలం నుంచి శ్రీశైలం దాకా ఊరూరూ గుర్తుపట్టుకుంటూ పోవచ్చు. శ్రీశైలం యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు సుంకం వసూలు చేసే కాలమది. ఇప్పుడు టోల్‌గేటు పక్కసందులోంచి టూవీలరు ఉచితంగా దూరిపోతుంది. అయినా త్యాగాల గురించి రాసేది మనమే.

వీరాస్వామయ్య తన రాతలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపేవాడు. ఆయన పోయాక 1838లో పిళ్ళె వాటిని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్ళీ తెచ్చారు. యాత్ర ముగిసి, మనిషి పోయి, ఆ తర్వాత అచ్చు! లైకులు చూసుకునే యోగం లేకుండా పదిహేను నెలలు తిరిగినవాడు ఆయన. మా అల్లుడు శిరివెళ్ళ దాటకముందే ఎంతమంది చూశారో చూసుకుంటాడు.

ఆయన్ని ఎంత మెచ్చుకున్నా ఒక వెలితి ఉంది. వెంట వచ్చిన ఆడవాళ్ళు ఆ ఎండలనూ ఆ అడవులనూ గురించి ఏమనుకున్నారో వాళ్ళ మాటల్లో మనకు దక్కలేదు. కలం ఆయన ఒక్కడి చేతిలోనే ఉంది. ఇది తట్టాక పైన దాటేసిన ముక్క దగ్గరికి మళ్ళక తప్పదు.

మేము = స్పష్టమని రాశాను. చెమట పట్టే చోట స్పష్టమని రాసి తేలిక ముక్క మీద పేజీలు నింపడం వ్యాఖ్యాతలకు కులవిద్య.

ఆ మధ్య పల్లెవెలుగు బస్సులో ఆళ్ళగడ్డ పోతున్నాను. ఊరు ఇంకా రాకముందు శిల్పుల షెడ్ల దగ్గర ఎవరినో దించడానికి బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే, తెల్లటి రాతిపొడి కప్పుకుని ముక్కులు ఇంకా తేలని దేవుళ్ళ వరస, వాళ్ళ ముందు హిమాలయన్. ముందు సీట్లోంచి దిగింది మా అన్న కూతురు! 196 కిలోల బండిని సైడ్ స్టాండు మీదికి ఒద్దికగా వాల్చి, గ్లవ్స్ ఊడదీసింది. మా అల్లుడు వెనక నుంచి దిగి ముందుకొచ్చాడు. ఆమె ట్యాంకు సంచి జిప్పు లాగి, మడతపెట్టిన చున్నీ తీసి, ఆర్మర్ జాకెట్ మీద కప్పుకుని, కొసలు ముందుకు లాక్కుని వెనక ఎక్కింది. ఒకరితో ఒకరు ఒక్క మాటైనా అనుకోలేదు. బాగా అలవాటైన పని.

అంటే నంద్యాల నుంచి అక్కడిదాకా, నలభై కిలోమీటర్లూ, నడిపింది ఆమె. ఆళ్ళగడ్డ ఆమె అత్తగారి ఊరు.

తర్వాత ఇంటికొచ్చినప్పుడు అడిగాను. “ఏం తల్లీ, షెడ్ల కాడ డ్రైవరు మారినాడే?”

“చూసినావా చిన్నాయనా!” అని నవ్వింది. “మా అత్తోళ్ళ వీధి గదా. మామ పొద్దున్నే అరుగు మీద కూచోనుంటాడు.”

“అంత హెల్మెట్ లోపల ఎవరుండేది ఎవరికి తెలుస్తాది?”

“మనిషిని గుర్తుపట్టరు, బండిని పడతారు. నంబరు ఊరందరికీ తెలుసు.”

“వచ్చేటప్పుడు?”

“షెడ్లు దాటినాక మళ్ళీ నేనే.”

ఇక్కడ మూలకర్త పూర్వపక్షం: ‘నాకేం లేదు మామా, మా నాయనకే బాగుండదు.’ నిజమే, అతనికేమీ లేదు. 2018లో హైదరాబాదు జై భారతి మరో ముగ్గురు ఆడవాళ్ళతో మోటారు సైకిళ్ళ మీద ఆరు దేశాల్లో 17,000 కిలోమీటర్లు తిరిగొచ్చిన వార్తను మా అందరికీ పంపింది ఇతనే, చప్పట్ల బొమ్మలతో సహా. మెకాంగ్ నది దాకా ఆడవాళ్ళు నడుపుకుంటూ పోవడం మీద అతనికి పూర్తి ఆమోదం. ఆళ్ళగడ్డలో రెండు వీధులే అడ్డం.

పోనీ పోతున్నది ఏ దేవుడి దగ్గరికి? విల్లు పట్టుకుని అడవిలో తిరిగే చెంచుపిల్లను వెతుక్కుంటూ పోయి చేసుకున్నవాడి దగ్గరికి. కనుమ నాడు పారువేటకు బయల్దేరి, నలభై రోజులకు పైగా ఊరూరా పల్లకీలో తిరిగి, తన పెళ్ళికి రమ్మని జనాన్ని పిలుస్తాడని ఈ సీమ నమ్మకం. పెళ్ళికూతురు వేటకత్తె అని చెప్పుకోవడానికి ఆయన ఏ వీధిలోనూ మొహం చాటేయలేదు.

చున్నీ సంగతి కూడా అన్వయించుకోండి. నడుపుతున్నంతసేపూ ఆమెకు చున్నీ లేదు, చక్రంతో ప్రమాదమూ లేదు. వెనక సీటుకు మారిన క్షణంలోనే చున్నీ వచ్చింది. ఆ సీటు పక్కన ఉండవలసిన అడ్డు లుక్ కోసం విప్పేశారు. 123వ నిబంధన రాసిన గుమాస్తా ఆళ్ళగడ్డను చూశాడో లేదో గాని చూసినట్టే రాశాడు.

తాత్పర్యం

ఒకావిడ మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ పొలిమేర దాకా బండి నడిపింది. వెనక కూర్చున్నాయన కావ్యం రాసుకున్నాడు.

పాఠాంతరం

‘మేము బయల్దేరాం’ అన్నచోట ‘ఆమె నడిపింది, నేను వెనక కూర్చున్నాను’ అనే పాఠమే గ్రాహ్యం. నాలుగు అక్షరాలు ఎక్కువైనా స్టేటస్‌లో పడతాయి. అల్లుడూ, మీ నాయన చూసేలా అది పెట్టే ధైర్యం నీకు వచ్చేదాకా ఆగుతాను, కానీ శారీ గార్డు ఆగేది కాదు. విప్పినరోజు మా ఇంట్లోనే వదిలిపోయినావు. అటక మీద ఉంది, నట్లు కాగితంలో చుట్టిపెట్టినాను. ఈ ఆదివారం అహోబిలం పోయేముందు వచ్చి బిగించుకుని పో.