రెండు తుపాకుల కలెక్టరు

తపాలా బిళ్లలు పోగేసేవాడి దగ్గర ఎన్ని బిళ్లలైనా ఉండొచ్చు. నాణేలు పోగేసేవాడు బీరువా నిండా నింపుకోవచ్చు. మన దేశంలో తుపాకుల పిచ్చివాడికి మాత్రం చట్టం రెండు దగ్గర గీత గీసింది. ఆ రెండింటికైనా జిల్లా కలెక్టరుగారు సంతకం పెట్టాలి. అంటే, కలెక్టరు కరుణిస్తే తప్ప కలెక్టరు కాలేని కలెక్టరన్నమాట. మా పెద్దమావయ్య ఆ జాతి మనిషి.

ఈ జాతిని గుర్తుపట్టడం తేలిక. పిస్టల్ అనాల్సిన చోట మీరు రివాల్వర్ అన్నారో, తింటున్న ఇడ్లీ పక్కన పెట్టేస్తారు. సిలిండరు తిరిగితే రివాల్వర్, లేకపోతే పిస్టల్ అని చట్నీలో వేలు ముంచి పళ్లెంలో బొమ్మ గీసి చూపిస్తారు. సినిమాకి తీసుకెళ్తే కథ చూడరు, తూటాలు లెక్కపెడతారు. ఓసారి విలన్ కాల్పుల్లో హీరో తండ్రి ఒరిగిపోయే సీను వచ్చింది. హాలంతా నిశ్శబ్దం. ఆరు తూటాల రివాల్వరు ఇంకోసారి పేలేసరికి మావయ్య ఆగలేక లేచి, "ఏడు! ఏడు!" అని అరిచాడు. ముందు వరసలో ఓ పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంటూ వెనక్కి తిరిగి, "ఏడుస్తూనే ఉన్నాం కదయ్యా, ఇంకా ఎంత ఏడవమంటావు?" అంది.

మావయ్య దగ్గర ఉన్నది ఒకే ఒక్కటి, తాతగారి నుంచి వచ్చిన .32 వెబ్లీ అండ్ స్కాట్. రెండోదాని స్థానం పెళ్లిపీట మీద వధువు కోసం ఖాళీ ఉంచినట్టు ఉంచాడు. పూర్వం మూడు దాకా ఉండనిచ్చేవారు. 2019లో చట్టం సవరించి రెండుకు తగ్గించినప్పుడు, తన దగ్గర ఎన్నడూ లేని ఆ మూడో తుపాకీ పోయిందని మూడు రోజులు ఆయనకి అన్నం సహించలేదు.

తాతగారి వెబ్లీకి ఇంట్లో ఒక పురాణం ఉండేది. అల్లూరి సీతారామరాజును వెతుక్కుంటూ మన్యంలోకి వెళ్లిన ఒక దొర నడుముకు అది వేలాడిందట, ఆ దొరకి మలేరియా వస్తే తాతగారు కషాయం ఇచ్చి బతికించారట, అందుకు కానుకట. (మా వైపు దొరికే ప్రతి పాత రివాల్వరూ అల్లూరి కోసం అడవికి వెళ్లొచ్చిందే. నిజంగా అన్ని వెళ్లి ఉంటే తెల్లవాళ్లకి ఆయన్ని పట్టుకోవడానికి 1922 నుంచి 1924 దాకా పట్టేది కాదు.) మావయ్య పెరిగిందే ఆ కథ మీద. తరవాత పుస్తకాలు తెప్పించుకుని, భూతద్దం కొనుక్కుని, కథకి సాక్ష్యం వెతకడం మొదలుపెట్టాడు. అక్కడ వచ్చింది చిక్కు.

తుపాకీ మీద "మార్క్ 4" అని ఉంది. వెబ్లీ మార్క్ 4 పుట్టింది 1899లో, దాన్ని బోయర్ యుద్ధం మోడల్ అంటారు అని పుస్తకంలో చదివి, ఆ సాయంత్రం వీధంతా మైసూరుపాక్ పంచాడు. మర్నాడు అదే పుస్తకంలో పేజీ తిప్పాడు. 1899 నాటి మార్క్ 4 అంటే .455 బోరుది. చిన్న బోరులో మార్క్ 4 అదే పేరుతో చాలా ఏళ్ల తరవాత వచ్చింది, అల్లూరి నేలకొరిగాక. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు సుబ్బారావులు ఉంటే పోస్టుమాన్ పడే అవస్థ అది. ఇంకొకరైతే ఆ పేజీ మడిచి అటక మీద పెట్టేసేవారు. మావయ్య మాత్రం తాతగారి సంవత్సరీకం నాడు విస్తళ్ల ముందు నిలబడి, దొర లేడు, మన్యం లేదు, కషాయం కూడా అనుమానమే అని ప్రకటించాడు. పెద్దవాళ్లు గారెలు వదిలేసి లేచిపోయారు.

"ఇంటి పరువు కంటే ఆ బర్మింగ్‌హామ్ ముద్ర ఎక్కువైపోయిందా?" అంది అత్తయ్య.

ఎక్కువే ఆయనకి. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ఒక పరీక్షాలయం ఉంది. గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి చూస్తారు, పగలకపోతే కిరీటం ముద్ర కొడతారు. 1904లో ఆ ముద్రల తీరు మారింది కాబట్టి ముద్ర చూసి కాలం చెప్పొచ్చు. పైన చెక్కిన దుకాణం పేరు చూసి ఏ ఊళ్లో అమ్మారో చెప్పొచ్చు. నంబరు చూసి వరస చెప్పొచ్చు. వెబ్లీ వాళ్లు 1897లో స్కాట్ కంపెనీతో వియ్యమందారు కాబట్టి పేరు చూసి సంబంధాలు కూడా చెప్పొచ్చు. మా పురోహితుడు గారు పెళ్లికొడుకు ప్రవర చెప్పేటప్పుడు కూడా ఇంత శ్రద్ధ చూపించరు. ఆ మాటకొస్తే మావయ్య పెళ్లిచూపులకు వెళ్లి అత్తయ్య ముఖం కంటే ముందు ఆవిడ గొలుసు కొక్కెం మీద కంసాలి ముద్ర చూశాడట. ఇది అత్తయ్యే చెప్పింది, ఇప్పటికీ కోపంగానే.

నంబరు లేని తుపాకీ గోత్రం తెలియని వరుడితో సమానం అంటాడు ఆయన. అందుకు ఆయన చెప్పే ప్రమాణం భగత్ సింగ్ కోల్ట్ పిస్టల్. 1928లో లాహోర్‌లో పోలీసు అధికారి సాండర్స్‌ను చంపినది. ఎన్నో ఏళ్లపాటు ఎవరికీ పట్టకుండా ఉండి, చివరికి ఇందోర్‌లో బీఎస్ఎఫ్ మ్యూజియంలో దొరికింది. నల్లరంగు గీకితే కింద 168896 అనే అంకె బయటపడింది, కేసు కాగితాల్లో నంబరుతో కలిసింది. ఆ అంకెను మావయ్య తన ఫోను నంబరు కంటే గడగడా చెబుతాడు. చెప్పి వెంటనే, "అది రివాల్వరు కాదు, పిస్టల్" అని చేరుస్తాడు.

ఇంతకీ ఈయన పేల్చిన తూటాలెన్ని? నాకు తెలిసి సున్నా. తూటా పేలిస్తే గొట్టంలో గీతలు అరుగుతాయట. దసరాకి ఆయుధపూజ చేస్తాడుగానీ, కుంకుమ తగిలితే ఇనుము మీది నీలం పోతుందని బొట్టు లైసెన్సు పుస్తకానికి పెడతాడు. ఎన్నికలొస్తే తుపాకీని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి కదా, ఆ నెలంతా ఇంట్లో ఆడపిల్లని అత్తారింటికి పంపిన వాతావరణం ఉంటుంది. తుపాకీ వెళ్లేటప్పుడు దాని వెంట నూనెసీసా, మెత్తని గుడ్డ, "తడి చేతులతో ముట్టరాదు" అని రాసిన చీటీ వెళ్తాయి.

ఖాళీ పీట మీద కూర్చోవాల్సిన వధువు పేరు వెబ్లీ ఫాస్‌బరీ.

జార్జ్ విన్సెంట్ ఫాస్‌బరీ బెంగాల్ సైన్యంలో అధికారి. 1863లో వాయవ్య సరిహద్దున అంబేలా దగ్గర చేజారిన ఓ గుట్టను మళ్లీ పట్టుకున్నందుకు విక్టోరియా క్రాస్ వచ్చింది. రిటైరైన వాళ్లు మనవల్ని ఆడించుకుంటుంటే, ఈయన రివాల్వరు తనంతట తానే తిరగాలని పట్టుబట్టి 1895లో పేటెంటు తీసుకున్నాడు. 1901 నుంచి వెబ్లీ వాళ్లు తయారు చేశారు. పేలిన ఊపుకి పైభాగమంతా వెనక్కి జారుతుంది. సిలిండరు మీద వంకరటింకరగా చెక్కిన గాడిలో ఒక చిన్న మేకు నడిచి, తరవాతి తూటాను తనే తెచ్చి నిలబెడుతుంది. చేతిలో పట్టు లేనివాడికి మాత్రం ఇది సరిగ్గా తిరగదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురద ఆ గాడుల్లో దూరేసరికి దాని కథ ముగిసింది. మొత్తం మీద చేసినవి అయిదు వేలు కూడా లేవు. .38 రకానికి ఎనిమిది తూటాలు, .455కి ఆరు. 'ది మాల్టీస్ ఫాల్కన్' సినిమాలో హంఫ్రీ బోగార్ట్ .45, ఎనిమిది తూటాలు అని కలగాపులగం చేశాడని మావయ్య బాధ. 1941 నాటి ఆ పొరపాటుకి ఈయన ఇప్పటికీ తల పట్టుకుంటాడు.

పోయిన ఏడాది ఒక కబురు వచ్చింది. బొబ్బిలి అవతల ఓ పాత దివాణంలో, సిలిండరు మీద పాము పాకినట్టు గీతలున్న రివాల్వరు ఉండేదట. మావయ్య ఆ రాత్రి నిద్రపోలేదు, నన్ను పోనివ్వలేదు. తెల్లారుజామున బస్సెక్కాం. దారిలో నాకు మూడు జాగ్రత్తలు చెప్పాడు: చూస్తే ఆశ్చర్యపడొద్దు, ధర అడగొద్దు, ముట్టుకోవద్దు. మూడోది చట్టం, మొదటి రెండూ బేరం.

దివాణంలో మిగిలింది రెండు గదులు, ఒక ఆవు, ఎనభై దాటిన ఒక అమ్మగారు. మజ్జిగ ఇచ్చి, విషయం విని, ఆవిడ నవ్వింది.

"అదా నాయనా! శేషన్ గారు ఎన్నికల కమిషనరుగా ఉన్న రోజుల్లో, తొంభై నాలుగు ఎలక్షన్లకి తుపాకులన్నీ స్టేషన్లో ఇచ్చెయ్యమన్నారు. మా వారు ఇచ్చేసి వచ్చారు. ఆ వానాకాలం ఆయన పోయారు. తరవాత నాకెందుకు గుర్తుంటుంది?"

స్టేషనుకి వెళ్లాం. ఆ భవనం మారి, మళ్లీ మారింది. 1994 నాటి సరుకు ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు లేరు. పైగా కుర్చీలో ఉన్నాయన, "అసలు లైసెన్సు ఎవరిది? మీరెవరు?" అని మొదలుపెట్టేసరికి, మేం ఆ పక్కనుంచి పోతూ ఊరికే దిగామని చెప్పి బయటపడ్డాం. మావయ్య మెట్ల మీద కూలబడ్డాడు. ఆయన్ని అలా చూడటం నాకు అదే మొదటిసారి. విక్టోరియా క్రాస్ దొర నుంచి విజయనగరం జిల్లా దాకా వచ్చిన తుపాకీ ఏ గోనెసంచిలోనో, ఏ సారా సీసాల కిందో ఉందంటాడు.

మళ్లీ దివాణానికే వెళ్లాం. ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక అమ్మగారు ట్రంకు పెట్టె తెరిచి, పట్టుచీర మడతల్లోంచి ఒక కాగితం తీసింది. స్టేషనువాళ్లు ఇచ్చిన రసీదు. అసలుది ఇవ్వనంది. ఎప్పటికైనా తుపాకీ తెచ్చుకోవాలంటే అది ఉండాలట. జిరాక్సుకి ఒప్పుకుంది. మావయ్య వణికే చేతులతో చదివాడు: "పాత రివాల్వరు ఒకటి. సిలిండరు మీద పాము గీతలు కలవు. పనిచేయదు."

ఆ జిరాక్సు ఇప్పుడు ఫ్రేము కట్టి హాల్లో, తాతగారి ఫొటో పక్కన ఉంది. వచ్చినవాళ్లందరికీ భూతద్దం ఇచ్చి చూపిస్తాడు. రసీదులో కుడివైపు "నంబరు" అని ఒక గడి ఉంది. అందులో ఆనాటి కానిస్టేబుల్ గారు గుండ్రటి అక్షరాలతో "కలదు" అని రాశారు.