ఊరికే ఎక్కే కొండ

తెలుగువారికి కొండ ఎక్కడం కొత్త కాదు. ఊరికే ఎక్కడం కొత్త. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినా, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కినా, పైన దర్శనం, ఆ తరువాత లడ్డూ ఉంటాయన్న భరోసా మోకాళ్ళకు ముందే అందుతుంది కనుక అవి పెద్దగా ఎదురు తిరగవు. అమెరికాలోని సియాటిల్ పరిసరాల్లో సాఫ్ట్‌వేర్ కొలువులు చేసుకునే తెలుగు కుటుంబాలు వేసవిలో ఒక శనివారం పొద్దున్నే స్నో లేక్ అనే కొండ చెరువుకు ప్రయాణం కట్టినప్పుడు, స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులు మొట్టమొదట వేసే ప్రశ్న "అక్కడేముంది?" అన్నది. "చెరువుంది" అన్న సమాధానం వారికి సమాధానంగా తోచదు. చెరువు సొంత ఊళ్ళోనూ ఉంది, పైగా దాని గట్టు దాకా ఆటో వెళ్తుంది.

కాస్కేడ్ పర్వతాలలో, స్నోక్వాల్మీ కనుమకు చేరువగా, సముద్రమట్టానికి సుమారు 4,000 అడుగుల ఎత్తున ఉన్న ఈ చెరువును మనుషులు తవ్వలేదు. హిమానీనదాలు, అనగా ఏళ్ళ తరబడి పేరుకున్న మంచు తన బరువుకు తానే మెల్లగా కిందికి జారడం వల్ల ఏర్పడే ప్రవాహాలు, కొండను తొలిచి గిన్నె వంటి పల్లాన్ని మిగిల్చిపోగా, అది నీటితో నిండి చెరువైంది. పేరుకు తగ్గట్టు దారి మీది మంచు చాలా ఏళ్ళు జూన్ దాటినా కరగదు కనుక, నడక ముచ్చటంతా జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే తీరాలి.

రానుపోను సుమారు 7 మైళ్ళ ఈ దారిలో తెలుగువారిని అన్నిటికన్నా కలవరపెట్టేది ఎత్తు కాదు, టీ కొట్టు లేకపోవడం. తిరుమల దారిలో గాలిగోపురం చేరేసరికి టీ దొరుకుతుంది, టిఫిను దొరుకుతుంది, మోకాళ్ళ పర్వతానికి కావలసిన ధైర్యం అక్కడే కూడగట్టుకోవచ్చు. ఇక్కడ కొట్టు లేకపోవడం ఎవరి అశ్రద్ధా కాదు, సాక్షాత్తూ చట్టం. అమెరికా 1964లో చేసిన వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం, ప్రకృతిని దాని మానాన దాన్ని వదిలిపెట్టాలని గిరిగీసిన నేలలో రోడ్లు వేయకూడదు, మోటారు బండ్లు తిప్పకూడదు, వ్యాపారం పెట్టకూడదు. ఈ చెరువున్న ఆల్పైన్ లేక్స్ ప్రాంతానికి 1976లో ఆ హోదా దక్కింది. ఒక దేశపు పార్లమెంటు కూర్చుని బజ్జీల బండి రాకుండా శాసనం చేసిందన్న సంగతి పెద్దవారికి వివరించడం కొండ ఎక్కడం కన్నా కష్టం.

అదే ప్రాంతంలో మరొక నిబంధన ప్రకారం ఒక జట్టులో 12కు మించి ఉండరాదు, ఆ లెక్కలో మనుషులతో పాటు బరువు మోసే గుర్రాలు, కంచరగాడిదలు కూడా చేరతాయి. నాలుగు తెలుగు కుటుంబాలు కలిస్తే, గాడిదల ప్రసక్తి లేకుండానే పరిమితి దాటిపోతుంది కనుక జట్టును రెండుగా చీల్చక తప్పదు. 2014 తరువాత తెలుగువారికి ఆస్తుల పంపకంలో కొంత అనుభవం వచ్చినప్పటికీ, పులిహోర డబ్బా ఒక జట్టుకూ గరిటె మరొక జట్టుకూ పోవడం ప్రతిసారీ జరుగుతూనే ఉంటుంది.

సామాను విషయంలో సియాటిల్‌కు ఒక పాత శాస్త్రమే ఉంది. అక్కడ 1906లో ఏర్పడిన ది మౌంటెనీర్స్ అనే సంఘం 1930లలో, కొండకు వెళ్ళేవారు తప్పక తీసుకువెళ్ళవలసిన పది వస్తువుల పట్టికను రూపొందించింది. పటం, దిక్సూచి, దీపం, కత్తి వంటి వాటి నడుమ అదనపు ఆహారం ఒకే ఒక్క అంశం. తెలుగువారి సంచిలో మాత్రం పదిలో తొమ్మిది అంశాలు అదే. చింతపండు పులుపూ నూనే పట్టిన అన్నం త్వరగా చెడదన్న రహస్యం ఆ సంఘానికి తెలిసి ఉంటే పట్టిక కుదించుకునేదని అనుకోవచ్చు.

మొదట్లో దారి సౌమ్యంగానే సాగి, పిమ్మట స్విచ్‌బ్యాక్‌లు మొదలవుతాయి. ఇవి నిటారు కొండను నేరుగా ఎక్కించకుండా అటొకసారి ఇటొకసారి మళ్ళించే దారి మడతలు. అరగంట క్రితం దాటిన చెట్టునే మళ్ళీ పై నుంచి చూపించడం వీటి ప్రత్యేకత. సుమారు 4,400 అడుగుల ఎత్తున కనుమ మీదికి చేరగానే చెరువు కనిపిస్తుంది, అయితే కింద. ఎక్కి చేరవలసిన చెరువుకు 400 అడుగులు దిగి వెళ్ళాలని తెలిసిన క్షణంలో, లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసిన ఏ మామగారైనా తిరుగు ప్రయాణపు అసలు సంగతిని ఇట్టే గ్రహిస్తారు.

చెరువు దగ్గర కుర్రవారు నీళ్ళలో దిగినంత వేగంగానూ బయటికి వస్తారు. పెద్దవారు మాత్రం ఆ నీళ్ళు తల మీద చల్లుకుని, తూర్పు ఏదో అడిగి తెలుసుకుని నమస్కారం పెడతారు. అంతటితో యాత్రకు ఒక అర్థం ఏర్పడుతుంది, పులిహోర ప్రసాదమవుతుంది, చేతితోనే పంపకం పూర్తవుతుంది. అన్నం వాసనకు జే అనే బూడిద రంగు పక్షి వచ్చి పక్కనే వాలుతుంది.

"అత్తయ్యా, వాటికేమీ పెట్టకూడదట."

"ఎవరన్నారమ్మా?"

"ఫారెస్టు వాళ్ళు."

మనుషులు పెట్టిన తిండికి అలవాటు పడితే అడవి ప్రాణులు సొంతంగా తిండి వెతుక్కోవడం మానేస్తాయన్న వాదన సబబే. కానీ నలభై ఏళ్ళుగా కాకికి ముద్ద పెట్టనిదే తాను తినని ఇల్లాలు దానిని ఫారెస్టు వాళ్ళ పిసినారితనం కిందే జమ కడుతుంది.

తిరుమలకు కాలినడకన ఎక్కినవారు దిగేటప్పుడు బస్సెక్కడం ఆచారం కనుక, ఇక్కడి బస్సు ఎన్నింటికన్న ప్రశ్న భోజనానంతరం తప్పక వస్తుంది, 1964 నాటి చట్టాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది. ఆపైన కడుపు నిండా పులిహోరతో ఆ 400 అడుగులూ ఆయాసపడుతూ ఎక్కుతుంటే, గరిటె పట్టుకుని రెండవ జట్టు ఎదురవుతుంది.