మైక్రాన్ల కాపురం

కారులో ముందుగా ఎండ తగిలేది నాకే. కింద ఇంజను సెగ, పైన సూర్యుడు, మధ్యలో నేను. మామిడికాయల కాలంలో సొన కారేది నా మీద, కాకి రెట్ట వేసేది నా మీద, తెల్లవారుజామున కోడిపుంజు ఎక్కి కూసేదీ నా మీదే. పెళ్లికి పోతే పూలదండ కూడా నాకే కడతారు, కాదనను. నేను బానెట్టుని. నల్లదాన్ని. నంబరు పలక మీద టీఎన్ 24 అని ఉంటుంది, అంటే కృష్ణగిరి బండి. ఉండేది వేప్పనపల్లి.

పుట్టింది మాత్రం ఆంధ్రలో. పెనుకొండ దగ్గర యర్రమంచిలో కియా వాళ్ల ఫ్యాక్టరీ 2019లో కార్లు తీయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పుట్టినవాళ్లలో నేనొకదాన్ని. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగరం ఏలికలు వచ్చి నిలదొక్కుకున్నది ఆ పెనుకొండలోనే. రేకుముక్కకు రాజుల సంగతెందుకంటారేమో, పుట్టింటి గురించి ఎవరు మాత్రం చెప్పుకోరు!

ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా రేకుకు జరిగే ముస్తాబు ఇంచుమించు ఒకటే. ముందు జిడ్డు వదిలేదాకా కడుగుతారు. రంగు పట్టుకోవడానికి రసాయనపు నీళ్లలో ముంచి తీస్తారు. ఆ తర్వాతది అసలు తమాషా. కారు బాడీని మొత్తంగా రంగు కలిపిన పెద్ద తొట్టిలో దించి కరెంటు పెడతారు. రంగు రేణువులు తమంతట తామే వచ్చి రేకుకు అతుక్కుంటాయి. బ్రష్షు దూరని మడతల్లోకీ పోతాయి. దీన్ని ఈ-కోట్ అంటారు. మందం 20 మైక్రాన్ల చుట్టుపక్కల. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. తుప్పును ఆపేది ముఖ్యంగా ఈ పొరే, అయినా దాన్ని ఎవరూ చూడరు, మెచ్చుకోరు. దాని మీద ప్రైమరు, ప్రైమరు మీద రంగు, రంగు మీద క్లియర్ కోటు. మధ్యమధ్య ఓవెన్లో కాలుస్తారు. అన్నీ కలిపితే 100 నుంచి 120 మైక్రాన్లు. లావుపాటి తలవెంట్రుక ఒక్కటే 100 ఉంటుంది. నా అందచందాలన్నీ ఆ కొలతలోనే ఇమడాలి.

నన్ను చూసి ‘ఏం నలుపప్పా!’ అంటారు గాని, ఆ నలుపు 15 మైక్రాన్లకు మించదు, అదీ అడుగున ఉంటుంది. చేయి తగిలేది, గీత పడేది, ఎండకు మాడేది క్లియర్ కోటు. 40, 50 మైక్రాన్ల పొర. రంగేమీ లేదు, పారదర్శకం. ఎండలోని అతినీలలోహిత కిరణాలను మింగే మందు అందులో కలిపి ఉంటుంది. పాత అంబాసిడర్లకు ఈ వైభోగం లేదు, రంగే పైపొర. ఎర్రకారును మైనం పెట్టి తోమితే గుడ్డ ఎర్రబడేది. మెరుపు కోసం తోమిన ప్రతిసారీ రంగులో కొంత గుడ్డకు పోయేదన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, నా కథలోనూ ఇదే జరిగింది, కాకపోతే గుడ్డకు అంటింది ఎవరికీ కనపడలేదు.

వేప్పనపల్లి మూడు రాష్ట్రాలు కలిసే చోటు. కాస్త ఇటు పోతే కర్ణాటక, కాస్త అటు పోతే ఆంధ్ర. మా ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో తమిళం, సంతలో మూడూ. మా నాయనకు మామిడి మండీ ఉంది. (నాయన అంటే కారు కొన్నాయన. ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు, నాకూ అదే అలవాటయింది.) కృష్ణగిరి సీమంతా మామిడే, అందులోనూ తోతాపురి, మావాళ్ల నోట బెంగళూర కాయ, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేది అదే. నన్ను నిలిపేది మండీ ముందున్న మామిడిచెట్టు కింద. నీడ అని వాళ్ల ఉద్దేశం.

ఆ నీడ ఎంత చల్లనో నాకు తెలుసు. కాయ తెంపినప్పుడు తొడిమ దగ్గర చిమ్మే సొనలో టర్పెంటైను జాతి నూనెలుంటాయి, పైగా పులుపు గుణం. కాయకు అంటితే తొక్క నల్లబడుతుంది, కూలీల చేతులకు అంటితే పుండ్లు పడతాయి. నా మీద పడితే మే నెల ఎండలో 70 డిగ్రీలు దాటిన క్లియర్ కోటు మెత్తబడి ఉంటుంది కదా, చుక్క పడినచోట మచ్చ దిగిపోతుంది. కాకి రెట్టదీ అదే కథ. అందులోని యూరిక్ ఆమ్లం ఒక బాధ. అంతకు మించిన బాధ, రెట్ట ఎండి ముడుచుకుంటున్నప్పుడు దాని కింద మెత్తబడిన పొర ఆ ఆకారానికే సర్దుకుని, సాయంత్రం చల్లబడేసరికి అలాగే బిగిసిపోవడం. తర్వాత ఎంత కడిగినా రెట్ట పోతుంది, దాని పటం మిగులుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, దుమ్ము ఒక ఎత్తు. ఈ జిల్లా అంతా రాతి క్వారీలు. పారడైసో అని పెద్ద పేరున్న గ్రానైటు ఈ చుట్టుపక్కలదే. కుందారపల్లి వైపు పోయే రోడ్డులో జల్లి లారీ వెనకాల పది నిమిషాలు పోతే చాలు, నా నలుపు బూడిదరంగు అవుతుంది. గ్రానైటు దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. రాళ్ల గట్టితనం కొలిచే మోస్ లెక్కలో దానిది 7, గాజు కన్నా, ఇనుము కన్నా ఎక్కువ. ఆ దుమ్ము ఊరికే కూర్చుంటే నాకేం నష్టం లేదు. డ్రైవరు పొద్దున్నే పాత బనీను గుడ్డ తీసుకుని, నీళ్లు చల్లకుండా గుండ్రంగా రుద్దేవాడు. ‘సార్ చూస్తే తళతళ ఉండాల’ అనేది ఆయన లెక్క. నీడలో చూస్తే తళతళే. ఎండలోకి వస్తే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నని గీతలు సాలెగూడు కట్టి కనపడేవి. తెల్లకార్లకూ పడతాయి, వాటికి కనపడవు. నల్లగా పుట్టినందుకు నా బతుకు బట్టబయలు.

చిన్నాయన, అంటే ఇంటి కొడుకు, హోసూరులో బైకులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పెయింట్ షాపు ఉద్యోగి. హోసూరు అంటేనే బండ్ల ఊరు. 1980లో అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ 50లు అక్కడ మొదలైనప్పటి నుంచి రంగు కొట్టే విద్య ఆ గాలిలోనే ఉంది. నా గీతలు చూసి ఆయనకు మనసు ఉసూరుమంది. ఒక ఆదివారం నన్ను హోసూరులో ఒక డిటెయిలింగ్ షాపుకు తీసుకుపోయాడు. గోడ మీద పెద్ద బోర్డు: 9హెచ్ సిరామిక్ కోటింగ్.

షాపు కుర్రాడికి నోరు మంచిది. ‘అన్నా, 9హెచ్ అన్నా. రాయి తీసుకోని గీకినా గీత పడదు. అయిదేండ్లు మళ్లా చూడబల్లేదు.’

చిన్నాయన నవ్వాడు. ‘యాలప్పా అట్ల చెప్తావు? 9హెచ్ అనేది పెన్సిలు లెక్క.’

నిజంగానే పెన్సిలు లెక్క. 6బి నుంచి 9హెచ్ దాకా పెన్సిళ్లుంటాయి, మెత్తనిది బి, గట్టిది హెచ్. ముల్లును చదునుగా అరగదీసి, 45 డిగ్రీల వాలులో, కట్టిన బరువుతో రంగు మీద తోస్తారు. ఏ పెన్సిలు దాకా గీత పడలేదో అదే ఆ పూత గట్టితనం. చిన్నాయనకు ఫ్యాక్టరీలో ఇది రోజువారీ పని. ఎంత గట్టి పెన్సిలైనా గ్రాఫైటు, బంకమన్ను కలిపిందే కదా. వజ్రానికి 10, కురువిందానికి 9 ఇచ్చే మోస్ లెక్కతో దీనికి చుట్టరికం లేదు. ఆ రెండు తొమ్మిదులనూ కలిపేసి అమ్మేవాళ్లు ఊరూరా ఉన్నారు. దారిలో మాకు అడ్డం వచ్చే క్వార్ట్జ్ దుమ్ముకు ఈ బోర్డు చదవడం రాదు.

అంతకుముందు టెఫ్లాన్ కోటింగ్ అని ఇలాగే అమ్మేవాళ్లు. 1938లో రాయ్ ప్లంకెట్ అనే అమెరికా రసాయనవేత్తకు అనుకోకుండా దొరికిన పదార్థం అది. దేనికీ అంటుకోకపోవడమే దాని గొప్ప. పెనం మీద దాన్ని నిలబెట్టాలంటే 300 డిగ్రీలు దాటించి కాల్చాలి. కారు రంగు మీద అంత వేడి పెడితే రంగే మిగలదు. మైనం సంగతి వేరు, కార్నూబా అని బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మీద దొరుకుతుంది, మంచి మెరుపు. 80 డిగ్రీలు దాటాక కరుగుతుంది, మా ఎండలకు, వాటర్ వాష్ సబ్బులకు కొన్ని వారాలు నిలిస్తే గొప్ప.

అడుగుదామనుకున్నా నాకు నోరు లేదు గాని, సిరామిక్ పూయడానికి ముందు జరిగిందే నా అసలు ఫిర్యాదు. సాలెగూడు గీతల మీద పూత పూస్తే గీతలు పూత కింద పదిలంగా ఉంటాయి. అందుకని ముందు మిషను పెట్టి, కంపౌండ్ రాసి, గీతల లోతుదాకా క్లియర్ కోటును అరగదీశారు. చిన్నాయన మందం కొలిచే మీటరు వెంట తెచ్చాడు. పని ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆనించి చూశాడు. మూడు నాలుగు మైక్రాన్లు తగ్గింది. ఆ తర్వాత పూసిన సిరామిక్ ఒకటి, మహా అయితే రెండు మైక్రాన్లు. తీసుకున్నది ఎక్కువ, ఇచ్చింది తక్కువ! అద్దంలా అయింది బండి అని అందరూ మెచ్చుకున్న మెరుపు మిషను పాలిష్‌ది. పేరు సీసాకు పోయింది.

సీసా అన్నానా, అది కంటిమందు సీసా కన్నా కాస్త పెద్దది, అంతే. కుర్రాడు మెత్తని గుడ్డ చుట్టిన స్పాంజి మీద చుక్కలు వేసి అడ్డంగా, నిలువుగా పూశాడు. ఒకటి రెండు నిమిషాల్లో నా మీద ఇంద్రధనుస్సు రంగులు తేలాయి, వెంటనే వేరే గుడ్డతో తుడిచేశాడు. ఆలస్యమైతే మరకలుగా గడ్డకడుతుంది. అమోనియా వాసన వచ్చింది. అందులోని సిలికాన్ అణువులు గాలిలో తేమను పట్టుకుని, అమోనియాను వదిలి, ఆక్సిజన్‌తో ఒకదాని చేయి ఒకటి కలిపి వల అల్లుకుంటాయి. కొన్ని చేతులు కిందికి చాచి నా క్లియర్ కోటునూ పట్టుకుంటాయి. అందుకే సబ్బుకు ఊడిరాదు. ద్రవంగా పూసి సిలికా వలగా గట్టిపరిచే ఈ విద్యకు సోల్-జెల్ అనే దగ్గరి చుట్టం ఉంది. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో ఆ పూతల కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే నడుస్తోంది. వారంపాటు నీళ్లు తగలకూడదన్నారు. ఆ వారం నేను పడిన సుఖం మళ్లీ పడలేదు, చెట్టు కింద కూడా నిలపలేదు.

తర్వాత తొలి వాన. తామరాకు మీద నీటిబొట్టు అంటారే, అచ్చం అలాగే బొట్లు గుండ్రంగా లేచి దొర్లిపోయాయి. నాయన కూడా మండీ పని ఆపి చూశాడు. ఆకుకూ నాకూ తేడా మాత్రం చాలా ఉంది. తామరాకు నున్నగా ఉండదు. విల్హెల్మ్ బార్ట్‌లోట్ అనే జర్మనీ వృక్షశాస్త్రవేత్త ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే దాని నిండా కంటికి కనపడని బుడిపెలు, వాటి మీద మైనపు నలుసులు. బొట్టు ఆ కొసల మీద, గాలి మీద నిలబడుతుంది. నేను నునుపు. నా మీద బొట్టు లేచి కూర్చుంటుందే గాని, బానెట్టు చదునుగా ఉన్నచోట పూర్తిగా జారిపోదు.

జారని ఆ బొట్లే కొంప ముంచాయి. వాన నీళ్లయితే ఫరవాలేదు. మాది బోరు నీళ్లు, అదీ రాతినేల బోరు. పొద్దెక్కాక కడిగి, తుడవకుండా వదిలేశారు. ఇదివరకు నీళ్లు పలచగా పరుచుకుని ఆరేవి. ఇప్పుడు గుండ్రంగా నిలిచి, ఉన్న సున్నమంతా ఒక్కచోట చేర్చి, తెల్లని వలయాలుగా ఎండిపోయాయి. ఒళ్లంతా అమ్మవారు పోసినట్టు!

అవ్వ వచ్చి చూసి, ‘చింతపండు ఏసి తోమండిరా, ఇత్తడి బిందికి పోయేది దీనికి పోదా?’ అంది. చిన్నాయన నవ్వలేదు. సున్నాన్ని కరిగించేది పులుపే కదా. పిప్పి గీరుతుందని మానుకుని, నీళ్లు కలిపిన వెనిగరు గుడ్డతో అద్ది, కాసేపాగి కడిగాడు. చాలా మచ్చలు పోయాయి. కొన్ని పోలేదు. గ్రానైటు నేలలో నీళ్లు సిలికాను కూడా కరిగించుకుని వస్తాయి, దానికి పులుపు చాలదు. మళ్లీ మిషనే శరణ్యం, అంటే మళ్లీ నా మైక్రాన్లే.

దీన్నిబట్టి సిరామిక్ దండగ అనుకోకండి. జల్లి దుమ్ము ఇప్పుడు ఇదివరకంత గట్టిగా పట్టుకోదు, పైపు పట్టగానే సగం పోతుంది. గుడ్డతో రుద్దే పని తగ్గింది కాబట్టి కొత్త గీతలూ తగ్గాయి. సొన, రెట్ట నా దాకా దిగడానికి కాస్త గడువు దొరికింది, ఆ పూటే కడిగితే మచ్చ లేదు. రాయి ఎగిరి తగిలితే మాత్రం ఒకటి రెండు మైక్రాన్లు ఏం చేస్తాయి? ముందు అంచున ఇప్పటికే ఒక పెచ్చు లేచింది.

దానికి వేరే మందుంది, పీపీఎఫ్. 150 నుంచి 200 మైక్రాన్ల పారదర్శక పాలీయూరెథేన్ ఫిల్ము, అంటే నా పొరలన్నీ కలిపినా దానికి చాలవు. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టరు రెక్కలను ఇసుక, రాళ్ల నుంచి కాచడానికి వాడిన అతుకు టేపు దీనికి పూర్వీకురాలు. రాయి తగిలితే సాగి దెబ్బను మింగేస్తుంది, సన్నగీతలు ఎండవేడికి వాటంతటవే పూడుతాయి. ధర విని నాయన, ‘ఏంరా, దానికేమన్నా పెండ్లా? ఆ దుడ్లకు ఇంకో బోరు ఏపిస్తా’ అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

చివరికి చిన్నాయన రెండు బకెట్లు, ఒక మైక్రోఫైబర్ చేతితొడుగు కొనుక్కొచ్చాడు. ఒక బకెట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో తొడుగు జాడించుకునే మంచినీళ్లు. దుమ్ము ఆ అడుగున నిలిచిపోతుంది, మళ్లీ నా మీదికి రాదు. పొద్దెక్కకముందే కడగాలి, ఆరకముందే తుడవాలి అని డ్రైవరుకు పక్కన నిలబడి నేర్పించాడు. డ్రైవరు శ్రద్ధగానే చేస్తున్నాడు, బనీను గుడ్డ సైకిలుకు పోయింది. ఒక్కటే చిక్కు, రెండో బకెట్టు గట్టిగా ఉందని అవ్వ దాన్ని బర్రె కుడితికి పెట్టుకుంది, అడిగితే ఇవ్వనంటోంది.