ప్రాక్టికల్స్‌కి జేసీబీ వస్తుంది

లా డిగ్రీ చేతికొచ్చిన కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: పర్యావరణ చట్టంలో పీజీ చేస్తే స్కోప్ ఉంటుందా సార్? హైదరాబాద్‌లో ఉండి అడగాల్సిన మాటేనా నాయనా అది! బెంగళూరు లా స్కూల్ వాళ్లు 1997లోనే ఇందుకోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టుకున్నారు. మన శామీర్‌పేట నల్సార్ ఇంట్లో కూర్చుని చదువుకునేలా పీజీ డిప్లొమా ఇస్తోంది. చెప్పేవాళ్లకి కొదవ లేదు. పాఠాలకి అసలే లేదు, ఏడాది పొడుగునా సర్కారువారే సరఫరా చేస్తారు.

సిలబస్‌లో మన వాటా తక్కువదేం కాదు. దేశంలో ఏ మూల ఈ సబ్జెక్టు చెప్పినా ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు చెప్పక తప్పదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు పాడవకూడదని, చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కాలుష్య పరిశ్రమలు వద్దంటూ 1996లో 111 జీవో ఇచ్చారు. మరుసటి ఏడాదే ఒక నూనె ఫ్యాక్టరీకి అదే ప్రభుత్వం మినహాయింపూ ఇచ్చింది. తాళం వేశాం కదా, తాళంచెవి ఊరికే ఉంచడం దేనికని కాబోలు. హాని లేదని రుజువు చేసుకోవాల్సింది ఫ్యాక్టరీవాడే గానీ ఊరివాడు కాదని 1999లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ జగన్నాథరావు ఈ నాయుడు కేసులోనే రాశారు. 2000లో మినహాయింపే చెల్లదని తేలింది. క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి పిల్లలకి ఒళ్లు గగుర్పొడుస్తుంది. మాస్టారు తెలివైనవాడైతే అక్కడితో బెల్లు కొట్టించేస్తాడు. ఎందుకంటే 2022 ఏప్రిల్‌లో 69 జీవో వచ్చి 111లోని ఆంక్షల్ని ఎత్తేసింది. తీర్పు మాత్రం పుస్తకంలో భద్రంగానే ఉంది, పరీక్షలో పది మార్కులకి వస్తుంది.

పాత గైడ్లు కొనకండి, అదొక్కటే జాగ్రత్త. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం ఉల్లంఘించినవాడికి అయిదేళ్ల దాకా జైలు అని రాశారో, మార్కులు పోయినట్టే. 2024 ఏప్రిల్ నుంచి పదివేల మొదలు పదిహేను లక్షల దాకా జరిమానాతో సరి. అదీ కట్టకపోతేనే జైలు మాట. ఇక ముందు ప్రాజెక్టు కట్టేసి తర్వాత పర్యావరణ అనుమతి తెచ్చుకోవచ్చా అన్న ప్రశ్నకి జవాబు మీరు ఏ నెలలో పరీక్ష రాస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. 2025 మేలో కుదరదంది సుప్రీంకోర్టు. నవంబరులో ఇద్దరొకవైపు, ఒకరొకవైపు అయి ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. సప్లిమెంటరీ రాసేవాళ్లు గమనించగలరు.

ఉద్యోగాలంటారా, కన్సల్టెన్సీలున్నాయి. ప్రాజెక్టు వల్ల ఊరికి ఏం నష్టమో రాసిపెట్టే నిపుణుడిని ఆ ప్రాజెక్టు యజమానే పెట్టుకుంటాడు, ఫీజూ ఆయనే ఇస్తాడు. పెళ్లికొడుకు గుణగణాలు ఆరా తీసే మనిషికి పెళ్లికొడుకే బత్తెం ఇచ్చినట్టు. పెద్ద శ్రమ కూడా పడక్కర్లేదు. మహారాష్ట్రలో రత్నగిరి దగ్గరి బాక్సైట్ గనికి ఇచ్చిన నివేదికలో చాలా భాగం రష్యా గని నివేదికలోంచి ఎత్తి రాసిందని బయటపడింది. కొంకణం ఎండలో మంచుదేశపు చెట్లు మొలిచాయి, పాపం ఎవరూ నీళ్లయినా పోయలేదు.

ప్రాక్టికల్స్ మాటకొస్తే, బస్సెక్కి ఎక్కడికీ పోనక్కర్లేదు. 2025లో అందరూ ఉగాది పచ్చడి తింటున్న పూట కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల దగ్గర జేసీబీలు రొద పెడుతున్నాయి. పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం వెళితే పోలీసులు వ్యానెక్కించారు. వరుస సెలవులు కదా, కోర్టు తలుపులు తెరిచేలోపు పని కానిచ్చేద్దామన్న హడావుడి. నెమళ్లకీ జింకలకీ సెలవులు లేవు గనక అవి అక్కడే దొరికిపోయాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే వంద ఎకరాల దాకా చదునైపోయింది. చెట్లు కొట్టేందుకు అనుమతి ఏదీ అంటే, ప్రభుత్వం వైపునుంచి వినిపించిన మాట సెల్ఫ్ సర్టిఫికేషన్. ఈ పద్ధతేదో పరీక్షల్లో కూడా పెడితే పీజీ సీట్లన్నీ ఒక్కరోజులో నిండుతాయి.

ఆదేశం మీరితే అక్కడే ఉన్న చెరువు పక్కన తాత్కాలిక జైలు కట్టి ప్రధాన కార్యదర్శిని అందులో పెట్టాల్సి వస్తుందని ధర్మాసనం హెచ్చరించింది. కట్టలేదు గానీ, కట్టి ఉంటే పర్యావరణ చట్ట కేంద్రానికి చెరువుకెదురుగా మంచి ఫీల్డ్ స్టేషన్ దొరికేది. పాలనానుభవం దండిగా ఉన్న గెస్ట్ లెక్చరరు ఇరవై నాలుగ్గంటలూ అందుబాటులో ఉండేవారు.